పెరటి గుమ్మంలో అడిగితే వీధి గుమ్మంలోంచి జవాబు: రెండు నెట్‌వర్క్ కార్డులున్న సర్వర్ కథ

"అక్కా, సర్వర్ పింగ్ అవుతోంది, సర్వీసు నడుస్తోంది, పోర్టు తెరిచే ఉంది, ఫైర్‌వాల్‌లో రూల్ కూడా ఉంది. కానీ కొత్త షెడ్డు నుంచి ఒక్క లెక్క కూడా రావట్లేదు."

శనివారం మధ్యాహ్నం రెండు దాటింది. అప్పుడే భోజనం చేసి కూర్చున్నాను. ఫోన్ చేసింది నా దగ్గర పనిచేసే కుర్రాడు, హిందూపురం వాడు, చురుకైనవాడే. వాడు చెప్పిన నాలుగు మాటలూ నిజమే. నాలుగూ నిజమైనా పని జరగట్లేదంటే నాకు మొదట వచ్చే అనుమానం ఒకటే, జవాబు వేరే దారిన పోతోందని. ఆ అనుమానం రావడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది కాబట్టి, ఇప్పుడిప్పుడే ఈ పనిలోకి వచ్చే మన పిల్లలకి అంతకాలం పట్టకూడదని వివరంగా రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది నంద్యాల, ఉండేది బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో. బొమ్మసంద్ర ఇండస్ట్రియల్ ఏరియాలో విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి సర్వర్లూ నెట్‌వర్కూ చూసుకుంటాను. అక్కడ ప్రతి సీఎన్‌సీ మెషిన్ పక్కనా ఒక చిన్న బాక్సు ఉంటుంది. ఎన్ని పీసులు అయ్యాయి, మెషిన్ ఎంతసేపు ఖాళీగా ఉంది అన్న లెక్క అది సర్వర్‌కి పంపుతుంది. ఆ లినక్స్ సర్వర్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులు వాడుతున్నాం. ఈఎన్‌ఓ1 అనేది ఆఫీసు వైపు, అడ్రస్ 192.168.10.20, గేట్‌వే 192.168.10.1. ఈఎన్‌ఓ2 మెషిన్ల వైపు, అడ్రస్ 10.20.0.20. పాత షెడ్డులో మెషిన్లన్నీ 10.20.0 లోనే ఉన్నాయి, అంటే సర్వర్ ఉన్న సబ్‌నెట్‌లోనే (రూటర్ అక్కర్లేకుండా నేరుగా మాట్లాడుకునే అడ్రస్‌ల గుంపు). రోడ్డుకి అవతల కొత్త షెడ్డు కట్టాక దానికి 10.20.5 ఇచ్చారు, మధ్యలో 10.20.0.1 అనే రూటర్. డీఫాల్ట్ గేట్‌వే మాత్రం సర్వర్‌కి ఒకటే, ఆఫీసు వైపుది, ఎందుకంటే అప్‌డేట్లూ బ్యాకప్పులూ అన్నీ అటే వెళ్ళాలి.

పాత షెడ్డు లెక్కలు బంగారంలా వస్తున్నాయి, కొత్త షెడ్డువి రావట్లేదు. మా కుర్రాడు పింగ్ చేసింది సర్వర్ రూమ్‌లో కూర్చుని, తన లాప్‌టాప్‌ని మెషిన్ల స్విచ్‌కి తగిలించి. అంటే అదే సబ్‌నెట్‌లో ఉండి. ఇది బాగా గుర్తుపెట్టుకోవాల్సిన లక్షణం: ఒకే సబ్‌నెట్‌లో ఉన్నవాళ్ళకి అంతా బాగుండి, రూటర్ దాటి వచ్చేవాళ్ళకి మాత్రం పనిచేయకపోతే, సర్వీసు జోలికి పోకండి, ముందు రూటింగ్ చూడండి.

"తమ్ముడూ, టీసీపీడంప్ పెట్టు. ఈఎన్‌ఓ2 మీద పెట్టు, కొత్త షెడ్డులో ఒక్క బాక్సు అడ్రస్‌కే పెట్టు" అన్నాను. కార్డు మీద వచ్చీపోయే ప్యాకెట్లని చూపే కమాండ్ అది. వాడు స్క్రీన్ షేర్ చేశాడు. 10.20.5.41 నుంచి 10.20.0.20 కి సిన్ ప్యాకెట్, అంటే కనెక్షన్ మొదలుపెడదామని అడిగేది. టైము 14:22:07. మళ్ళీ అదే సిన్ 14:22:08 కి. తర్వాత 14:22:10. తర్వాత 14:22:14. తర్వాత 14:22:22. ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది. పాపం ఆ బాక్సు తలుపు తట్టి కాసేపు ఆగుతోంది, మళ్ళీ తట్టి ఇంకాసేపు ఆగుతోంది. మన వైపు నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. పోర్టు మూసి ఉంటే రీసెట్ (కుదరదు అనే జవాబు) అయినా వెళ్ళేది. అదీ లేదు.

ఇక్కడ చాలామంది గందరగోళపడతారు. ప్యాకెట్ టీసీపీడంప్‌లో కనబడుతోంది కదా, అంటే సర్వర్‌కి చేరినట్టే కదా అని. చేరింది కార్డు వరకు. టీసీపీడంప్ చూసేది కార్డు దగ్గరే, లినక్స్ గుండెకాయ లాంటి కర్నెల్‌లో ఐపీ భాగం ఆ ప్యాకెట్‌ని ముట్టుకోకముందు. ఐపీ భాగం దాన్ని తీసుకున్నాక పారేస్తే అది మీకు ఇక్కడ తెలియదు.

పారేసింది ఆర్‌పీ ఫిల్టర్. రివర్స్ పాత్ ఫిల్టర్. అది చేసేది చాలా సింపుల్ పని: ప్యాకెట్ ఫలానా అడ్రస్ నుంచి ఈఎన్‌ఓ2 లోకి వచ్చింది, సరే, నేను ఆ అడ్రస్‌కి జవాబు పంపాలంటే ఏ కార్డులోంచి పంపుతాను అని రూటింగ్ టేబుల్ చూసుకుంటుంది. అదే కార్డు అయితే లోపలికి రానిస్తుంది. వేరే కార్డు అయితే, ఎవడో దొంగ అడ్రస్ పెట్టుకుని వచ్చాడనుకుని చప్పుడు లేకుండా పారేస్తుంది. దొంగ అడ్రస్‌లతో జరిగే దాడుల్ని ఆపడానికి పుట్టిన పద్ధతి ఇది, 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3704 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రంలో ఇదంతా ఉంది. మన కేసులో 10.20.5.41కి వెళ్ళే దారి గురించి సర్వర్‌కి ఎవరూ చెప్పలేదు. తెలియని అడ్రస్ అంటే డీఫాల్ట్ గేట్‌వే, అంటే ఈఎన్‌ఓ1. వచ్చింది ఈఎన్‌ఓ2లో. కథ అక్కడే ముగిసింది.

"చప్పుడు లేకుండా" అన్నాను గానీ, అడిగితే చెబుతుంది. ఎన్‌స్టాట్ కమాండ్‌లో ఐపీ రివర్స్ పాత్ ఫిల్టర్ అని ఒక కౌంటర్ ఉంటుంది, అది పెరుగుతూ ఉంటే ఇదే రోగం. లేదా లాగ్ మార్షియన్స్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే కర్నెల్ లాగ్‌లో "మార్షియన్ సోర్స్" అని లైన్లు పడతాయి. అంగారకుడి నుంచి వచ్చిన ప్యాకెట్ అన్నమాట, అక్కడి నుంచి రావడానికి వీల్లేని ప్యాకెట్. ఆ లైన్‌లో ఒక తిరకాసు ఉంది. మార్షియన్ సోర్స్ అన్న మాట పక్కనే 10.20.0.20 అని మన సర్వర్ అడ్రస్ కనబడుతుంది, అది గమ్యం. పంపినవాడి అడ్రస్ "ఫ్రమ్" తర్వాత ఉంటుంది. ఇది తెలియక మన అడ్రస్‌నే ఎవరో దొంగిలించారని కంగారుపడ్డవాళ్ళని నేను చూశాను.

కారణం చెప్పానో లేదో మా వాడు వెంటనే ఆర్‌పీ ఫిల్టర్‌ని "ఆల్" దగ్గర 0 చేసేశాడు. ఏమీ మారలేదు. "చేశానక్కా, అయినా రావట్లేదు, అంటే అది కాదేమో" అన్నాడు. ఇది రెండో గుంట. "ఆల్" అని ఒక విలువ ఉంటుంది, ఒక్కో కార్డుకి విడిగా ఇంకో విలువ ఉంటుంది, రెండిట్లో ఏది పెద్దదో అది చెల్లుతుంది. 0 అంటే తనిఖీ లేదు, 1 అంటే గట్టి తనిఖీ, 2 అంటే మెత్తని తనిఖీ, అంటే ఏదో ఒక కార్డులోంచి దారి ఉంటే చాలు. కర్నెల్ తనంతట తాను 0 పెట్టుకుంటుంది, కానీ డిస్ట్రిబ్యూషన్ వాళ్ళు బూట్ అయ్యేటప్పుడు మారుస్తూ ఉంటారు. మా సర్వర్‌లో ఈఎన్‌ఓ2 దగ్గర 1 ఉంది. "ఆల్"ని 0 చేస్తే, 0కీ 1కీ పెద్దది 1. అందుకే ఏమీ మారలేదు. తప్పు విరుగుడు వేసి, రోగం అది కాదనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది.

సరే, ఈఎన్‌ఓ2 మీద 2 పెట్టించాను, శాశ్వతంగా ఉంచడానికి కాదు, వాడికి చూపించడానికి. ఈసారి రెండు కిటికీలు తెరిపించాను, ఒకదాంట్లో ఈఎన్‌ఓ2, ఇంకోదాంట్లో ఈఎన్‌ఓ1. సిన్ ఈఎన్‌ఓ2లోకి వచ్చింది. దానికి జవాబైన సిన్-యాక్ ఈఎన్‌ఓ1లోంచి బయటికి పోయింది. పంపినవాడి అడ్రస్ 10.20.0.20 అనే ఉంది, కానీ అది ఆఫీసు కేబుల్ మీద పోతోంది, నేరుగా ఆఫీసు ఫైర్‌వాల్ దగ్గరికి. ఆ ఫైర్‌వాల్ మొదటి సిన్‌ని చూడనేలేదు. ఎప్పుడూ మొదలుకాని సంభాషణకి జవాబు వస్తే అది ఏం చేస్తుంది, పారేస్తుంది. మా వాడు ఆ రెండు కిటికీల వంక చూసి "అక్కా, వీడు పెరటి గుమ్మంలో నిలబడి పిలిచినవాడికి వీధి గుమ్మంలోకి వెళ్ళి జవాబు చెప్తున్నాడు" అన్నాడు. నేను ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పినా ఇంత బాగా చెప్పలేకపోయాను, అందుకే వాడి మాటే ఈ పోస్టుకి పేరుగా పెట్టుకున్నాను.

లినక్స్‌లో ప్రతి ప్యాకెట్‌కీ బయటికి వెళ్ళే దారిని రూటింగ్ టేబులే నిర్ణయిస్తుంది, అది కూడా మామూలుగా గమ్యం అడ్రస్ చూసి. ఎటు నుంచి వచ్చింది అన్నది దానికి పట్టదు. ఒక్క కార్డు ఉన్న సర్వర్‌లో ఉన్నది ఒకటే గుమ్మం కాబట్టి ఈ సంగతి మనకి ఎప్పుడూ తెలియదు. రెండో కార్డు పెట్టిన రోజే తెలుస్తుంది.

ఇప్పుడు విరుగుడు. చాలామంది చేసేది రెండో కార్డుకి కూడా డీఫాల్ట్ గేట్‌వే రాసేయడం. రెండు కార్డులు, రెండు గేట్‌వేలు, న్యాయంగానే అనిపిస్తుంది. కానీ టేబుల్‌లో రెండు డీఫాల్ట్ దారులుంటే మెట్రిక్ (ప్రాధాన్యం చెప్పే అంకె) తక్కువ ఉన్నదే కర్నెల్ వాడుతుంది, రెండోది ఊరికే కూర్చుని ఉంటుంది. మెట్రిక్ తారుమారైతే సర్వర్ ఇంటర్నెట్ ట్రాఫిక్ అంతా మెషిన్ల రూటర్‌లోకి పోయి అక్కడ ఆగిపోతుంది. కాబట్టి ఒక సర్వర్‌కి మామూలు టేబుల్‌లో డీఫాల్ట్ గేట్‌వే ఒకటే ఉండాలి, నేను ఇందులో ఎవరితోనైనా వాదిస్తాను.

మా కేసుకి మొదట కావలసింది ఒక్క స్టాటిక్ రూటు: 10.20.0.0/16 (10.20తో మొదలయ్యే అడ్రస్‌లన్నీ) అంతా 10.20.0.1 మీదుగా, ఈఎన్‌ఓ2లోంచి. పెట్టగానే లెక్కలు వచ్చేశాయి. "ఐపీ రూట్ గెట్" అనే కమాండ్‌కి గమ్యం అడ్రసూ, "ఫ్రమ్" అని మన అడ్రసూ ఇస్తే, ఈ ప్యాకెట్ పంపాల్సి వస్తే ఏ కార్డులోంచి ఏ గేట్‌వే మీదుగా పంపుతానో కర్నెలే చెబుతుంది. అంతకుముందు 192.168.10.1 మీదుగా ఈఎన్‌ఓ1 అని చెప్పింది, ఇప్పుడు 10.20.0.1 మీదుగా ఈఎన్‌ఓ2 అంటోంది. గంటలకొద్దీ ఊహించే బదులు ఈ ఒక్క కమాండ్ కొట్టి చూసే అలవాటు చేసుకోండి.

అంతటితో అయిపోయిందనుకున్నాం. సోమవారం పొద్దున ఆఫీసు పై అంతస్తు నుంచి సూపర్‌వైజర్ గారు ఫోన్ చేశారు. "ఏమ్మా, లెక్కల స్క్రీన్ తెరుచుకోవట్లేదు." ఆయన ఉన్నది 192.168.30 నెట్‌వర్క్‌లో. ఆయన వాడే పేరుకి మా లోపలి డీఎన్‌ఎస్‌లో, అంటే పేర్లకి అడ్రస్‌లు చెప్పే సర్వర్‌లో, 10.20.0.20 రాసి ఉంది. ఆయన రిక్వెస్ట్ రూటర్ల మీదుగా తిరిగి ఈఎన్‌ఓ2లోకి వస్తుంది, జవాబు డీఫాల్ట్ దారిన ఈఎన్‌ఓ1లోంచి పోవాలి. స్టాటిక్ రూటు ఇక్కడ పనికిరాదు. 192.168.30ని మొత్తంగా ఈఎన్‌ఓ2 వైపు తిప్పితే, అదే మనిషి 192.168.10.20కి వచ్చినప్పుడు మళ్ళీ ఇదే గొడవ రెండో వైపు నుంచి మొదలవుతుంది. పేరుని 192.168.10.20కి మార్చితే ఆయన సమస్య తీరుతుంది, అది కూడా చేశాం. కానీ రేపు ఇంకెవరో 10.20.0.20 అని నేరుగా కొడతారు.

దీనికి అసలైన విరుగుడు పాలసీ రూటింగ్. పేరు విని భయపడక్కర్లేదు, 1999లో లినక్స్ 2.2 వచ్చినప్పటి నుంచీ ఉన్నదే. రూటింగ్ టేబుల్ ఒకటే ఉండాలని లేదు, చాలా ఉండొచ్చు, ఏ టేబుల్ ఎప్పుడు చూడాలో రూల్స్ చెబుతాయి. "ఐపీ రూల్" కొట్టి చూస్తే మామూలు సర్వర్‌లో మూడు కనబడతాయి: 0 నంబరు లోకల్ టేబుల్‌కి, 32766 మెయిన్ టేబుల్‌కి, 32767 డీఫాల్ట్ టేబుల్‌కి. వీటి మధ్యలో మనది ఒకటి పెట్టాలి. మేము 100 నంబరుతో ఒక కొత్త టేబుల్ పెట్టి, అందులో రెండే దారులు రాశాం: 10.20.0.0/24 నేరుగా ఈఎన్‌ఓ2లో ఉంది అని ఒకటి, మిగతా అంతా 10.20.0.1 మీదుగా అని ఇంకోటి. తర్వాత ఒక రూల్: 10.20.0.20 నుంచి బయల్దేరే ప్యాకెట్ అయితే టేబుల్ 100 చూడు. అంతే. టీసీపీ కనెక్షన్ ఏ అడ్రస్ మీదకి వచ్చిందో జవాబు అదే అడ్రస్ నుంచి బయల్దేరుతుంది కాబట్టి, ఈఎన్‌ఓ2 మీదకి వచ్చినవాళ్ళందరికీ ఈఎన్‌ఓ2లోంచే జవాబు వెళ్తుంది, వాళ్ళు ఏ నెట్‌వర్క్‌లో ఉన్నా సరే. ఆర్‌పీ ఫిల్టర్ కూడా తనిఖీ చేసేటప్పుడు ఈ రూల్స్‌ని చూస్తుంది, అందుకని దాన్ని తిరిగి 1కి పెట్టేశాం, అన్నీ నడుస్తున్నాయి. తనిఖీని ఆపేయకుండా దారిని సరిచేయడం నాకు ఎప్పుడూ ఎక్కువ తృప్తి.

స్టాటిక్ రూటు మాత్రం తీసేయకండి. సర్వర్ తనంతట తాను కొత్త షెడ్డు బాక్సుకి కనెక్షన్ మొదలుపెడితే, అప్పటికింకా పంపే అడ్రస్ ఖాయం కాలేదు కాబట్టి మన రూల్ తగలదు, మెయిన్ టేబులే చూస్తుంది.

ఇదే కారణం యూడీపీలో ఇంకో రకంగా ఏడిపిస్తుంది. మా కుర్రాడు ఒక చిన్న యూడీపీ ప్రోగ్రాం రాశాడు, "ఫలానా మెషిన్ నడుస్తోందా" అని అడిగితే జవాబు చెప్పేది. 0.0.0.0 మీద వినేలా రాశాడు, అంటే అన్ని అడ్రస్‌ల మీదా. షెడ్డు నుంచి అడిగితే బాగానే చెబుతోంది. పై అంతస్తు నుంచి 10.20.0.20ని అడిగితే జవాబు 192.168.10.20 నుంచి వస్తోంది! టీసీపీ అయితే కనెక్షన్ తన అడ్రస్ గుర్తుపెట్టుకుంటుంది. యూడీపీలో కనెక్షన్ అనేది లేదు, సాకెట్ 0.0.0.0 మీద ఉంటే పంపే అడ్రస్‌ని కర్నెల్ రూటు చూసి ఎంచుకుంటుంది. అడిగినవాడేమో "నేను ఇతన్ని అడగలేదే" అని ఆ జవాబుని పక్కన పడేస్తాడు. డీఎన్‌ఎస్ సర్వర్లు రాసేవాళ్ళకి ఇది పాత బాధే, అందుకే బైండ్ అనే డీఎన్‌ఎస్ సర్వర్ లాంటివి ఒక్కో అడ్రస్‌కీ విడివిడిగా సాకెట్ తెరుస్తాయి. మేమూ అదే చేశాం, రెండు అడ్రస్‌లకీ రెండు సాకెట్లు. ఐపీ ప్యాకెట్ ఇన్ఫో అనే సాకెట్ ఆప్షన్‌తో కూడా చేయొచ్చు, అది వచ్చిన ప్యాకెట్ ఏ అడ్రస్ కోసం వచ్చిందో చెబుతుంది, జవాబు అక్కడి నుంచే పంపొచ్చు.

ఇక ఏ సర్వీసు ఎక్కడ వినాలి అన్న సంగతి. రెండు కార్డుల సర్వర్‌లో ముందు "ఎస్‌ఎస్" కమాండ్‌తో వింటున్న పోర్టులన్నీ తీసి ఒక కాగితం మీద రాసుకోండి. ప్రతి లైన్ ముందూ 0.0.0.0 ఉందా, 127.0.0.1 ఉందా, ఫలానా అడ్రస్ ఉందా అని చూడండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తనంతట తాను లోకల్‌హోస్ట్ (127.0.0.1, అంటే సర్వర్ లోపలే) మీదే వింటుంది, మంచి పద్ధతి. కానీ ఎవరో ఒకరు ఎక్కడో చదివి నక్షత్రం గుర్తు (*) పెట్టేస్తారు, డేటాబేస్ రెండు నెట్‌వర్క్‌లకీ తెరుచుకుంటుంది. ప్రోగ్రాంలని కంటెయినర్లలో నడిపే డాకర్ అయితే ఇంకా జాగ్రత్త. కంటెయినర్ పోర్టు పబ్లిష్ చేసేటప్పుడు ముందు అడ్రస్ రాయకపోతే అన్ని కార్డుల మీదా తెరుస్తుంది, పైగా యూఎఫ్‌డబ్ల్యూ అనే ఉబుంటు ఫైర్‌వాల్‌లో మీరు మూసిన పోర్టు కూడా బయటికి తెరుచుకునే ఉంటుంది, ఎందుకంటే డాకర్ తన రూల్స్ తానే ఐపీటేబుల్స్‌లో రాసుకుంటుంది, ఆ ట్రాఫిక్ యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్ దాకా రాదు. పోర్టు ముందు 10.20.0.20 అని రాస్తే కొంత నయం.

"కొంత నయం" అని ఎందుకన్నానంటే, ఇది చాలామంది సీనియర్లకి కూడా తెలియని విషయం. లినక్స్‌లో ఐపీ అడ్రస్ కార్డుది కాదు, మొత్తం మెషిన్‌ది. 1989 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1122లోనే ఈ రెండు పద్ధతులూ రాశారు, స్ట్రాంగ్, వీక్ అని. లినక్స్ వీక్ పద్ధతి పాటిస్తుంది. అంటే ఏమిటి? ఆఫీసు వైపు 192.168.10లో ఉన్న ఎవరైనా తన లాప్‌టాప్‌లో "10.20.0.20కి దారి 192.168.10.20" అని ఒక రూటు రాసుకుంటే చాలు, ప్యాకెట్ ఈఎన్‌ఓ1లోంచి వచ్చినా, "ఆ అడ్రస్ నాదే కదా" అని సర్వర్ తీసుకుంటుంది. ఫార్వర్డింగ్ (వేరేవాళ్ళ ప్యాకెట్లని ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి దాటించడం) ఆపేసి ఉన్నా తీసుకుంటుంది, ఎందుకంటే ఇది ఫార్వర్డింగ్ కాదు. మేము పెట్టినలాంటి పాలసీ రూల్ లేని సర్వర్‌లో ఆర్‌పీ ఫిల్టర్ కూడా ఆపదు, పంపినవాడు ఈఎన్‌ఓ1 వైపు వాడే కాబట్టి. మెషిన్ల వైపు అడ్రస్ మీద మాత్రమే వినేలా సర్వీసుని బైండ్ చేశాం, ఇక ఆఫీసు వాళ్ళకి అందదు అని నిశ్చింతగా ఉండకండి. కంచె కావాలంటే ఫైర్‌వాల్‌లో కార్డు పేరుతో రూల్ రాయాలి: ఫలానా పోర్టుకి ఈఎన్‌ఓ2లోంచి వచ్చినవే రానివ్వు, మిగతావి పారేయి. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో ఇది ఒక్క లైను.

రెండు కార్డుల్నీ ఒకే స్విచ్‌లో, ఒకే వీల్యాన్‌లో పెట్టేవాళ్ళకి కూడా ఇదే తలనొప్పి ఏఆర్‌పీ (ఏ ఐపీ అడ్రస్ ఏ కార్డుదో అడిగి తెలుసుకునే పద్ధతి) రూపంలో వస్తుంది. ఒక అడ్రస్ ఎవరిది అని అడిగితే రెండు కార్డులూ నాదంటే నాదంటాయి. ఏఆర్‌పీ ఇగ్నోర్ 1, ఏఆర్‌పీ అనౌన్స్ 2 పెడితే సర్దుకుంటుంది. అసలు అలా పెట్టాల్సిన అవసరం ఉందా అని ముందు అడగండి.

కేబుళ్ళ గురించి ఒక మాట. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట టెస్టింగ్ ల్యాబ్ కోసం ఒక సర్వర్‌లో డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకి అడ్రస్‌లు పంచేది) నడిపేవాళ్ళం, రెండో కార్డు మీద మాత్రమే. కాన్ఫిగ్ అంతా పక్కాగా ఉంది. ఒకరోజు ర్యాక్ శుభ్రం చేస్తూ రెండు కేబుళ్ళు తీసి, అటుది ఇటు ఇటుది అటు పెట్టారు. పది నిమిషాల్లో ఫ్లోర్‌లో ఒక్కొక్కరి లాప్‌టాప్‌కీ ల్యాబ్ అడ్రస్ రావడం మొదలైంది, ఇంటర్నెట్ లేదు, మెయిల్ లేదు. అప్పటికే పాత అడ్రస్ ఉన్నవాళ్ళకి బాగానే ఉంది, కొత్తగా ఆన్ చేసినవాళ్ళకే పోయింది, అందుకని కారణం దొరకడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజు నుంచీ నేను రెండు పనులు తప్పకుండా చేస్తాను. ఎత్‌టూల్‌కి "పి" ఆప్షన్‌తో కార్డు పేరు ఇస్తే వెనక ఆ పోర్టు లైటు మిణుకుమిణుకుమంటుంది. ఆ లైటు చూసి కేబుల్‌కి రెండు చివర్లా చీటీ అంటించడం ఒకటి. ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగ్‌లు రాసే నెట్‌ప్లాన్‌లో కార్డు పేరుతో పాటు మ్యాక్ అడ్రస్ (కార్డు సొంత నంబరు) కూడా రాయడం ఇంకోటి. 2013లో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులని లేపి నడిపేది) 197తో ఈ ఈఎన్‌ఓ, ఈఎన్‌పీ పేర్లు వచ్చాక కార్డుల పేర్లు వాటంతటవే మారడం బాగా తగ్గింది, అంతకుముందు ఈటీహెచ్0, ఈటీహెచ్1 రీబూట్‌లో తారుమారయ్యేవి. కేబుళ్ళ తారుమారుకి మాత్రం ఇప్పటికీ చీటీయే దిక్కు.

దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో కూర్చుని రూటింగ్ మార్చేవాళ్ళు "నెట్‌ప్లాన్ ట్రై" వాడండి. మార్పు వేశాక 120 సెకన్లలో ఎంటర్ కొట్టకపోతే పాత కాన్ఫిగ్‌కి తనే వెనక్కి వెళ్తుంది. ఒక ఆదివారం పొద్దున అది వాడకుండా నేరుగా "అప్లై" కొట్టి డీఫాల్ట్ రూటు పోగొట్టుకున్నాను, బీటీఎం నుంచి బొమ్మసంద్రకి వెళ్ళి మానిటర్ తగిలించి సరిచేయాల్సి వచ్చింది. అప్పటికి ఎల్లో లైన్ మెట్రో లేదు, అది 2025 ఆగస్టులో వచ్చింది. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ గురించి బెంగళూరులో ఉన్న మన వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఆఖరిది, మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టినది. పాలసీ రూటింగ్ పెట్టిన రెండు వారాలకి ఒక సాయంత్రం వాన పడి కరెంటు పోయింది, యూపీఎస్ కూడా అయిపోయింది. కరెంటు వచ్చాక సర్వర్ లేచింది, కానీ లెక్కలు తీసుకునే సర్వీసు లేవలేదు. లాగ్‌లో "అడిగిన అడ్రస్ కేటాయించలేను" అని అర్థం వచ్చే ఎర్రర్. చేత్తో రీస్టార్ట్ చేస్తే వెంటనే లేచింది. ఇలాంటివి అప్పటికి సర్దుకున్నాయి కదా అని వదిలేయాలనిపిస్తుంది, వదలకూడదు. మేము కూర్చుని టైములు పక్కపక్కన పెట్టి చూశాం. షెడ్డు వైపు స్విచ్ పూర్తిగా లేవడానికి సర్వర్ కంటే ఎక్కువసేపు తీసుకుంటోంది. స్విచ్ లేవలేదు కాబట్టి ఈఎన్‌ఓ2లో లింకు లేదు. లింకు లేకపోతే సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ ఆ కార్డుకి స్టాటిక్ అడ్రస్ అయినా సరే ఇవ్వదు. అడ్రస్ లేదు, సర్వీసేమో 10.20.0.20 మీదే వింటానని పట్టుబట్టింది, దొరకక ఆగిపోయింది.

దీనికి మేము మూడు వైపుల నుంచి పట్టు బిగించాం. లింకు లేకపోయినా అడ్రస్ ఇవ్వమని నెట్‌వర్క్‌డీకి చెప్పే సెట్టింగ్ ఉంది, కాన్ఫిగర్ వితౌట్ క్యారియర్ అని, అది ఈఎన్‌ఓ2కి పెట్టాం. ఆగిపోతే కొన్ని సెకన్లకి మళ్ళీ మొదలవ్వమని సర్వీసు యూనిట్‌లో రాశాం. ఎస్‌ఎస్‌హెచ్‌ని మాత్రం ఏ ఒక్క అడ్రస్‌కీ కట్టేయకుండా అన్నిటి మీదా విననిచ్చి, ఎవరు రావచ్చో ఫైర్‌వాల్‌కి వదిలేశాం. ఎందుకంటే ఏది లేవకపోయినా లోపలికి వెళ్ళే దారి ఒకటి ఉండాలి. ఐపీ నాన్‌లోకల్ బైండ్ అని ఇంకో సెట్టింగ్ కూడా ఉంది, ఇంకా రాని అడ్రస్ మీద కూడా బైండ్ అవ్వనిస్తుంది, కానీ అది మొత్తం సర్వర్‌కి వర్తిస్తుంది, టైపింగ్‌లో తప్పు అడ్రస్ కొట్టినా ఎర్రర్ రాదు, అందుకని నాకు ఇష్టం లేదు.

తర్వాతి శనివారం షెడ్డు పని లేని వేళ చూసుకుని ఇద్దరం బొమ్మసంద్ర వెళ్ళాం. స్విచ్ ప్లగ్ పీకేసి సర్వర్‌ని రీబూట్ చేశాం. అది లేచాక పూర్తిగా ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు స్విచ్‌కి కరెంటు ఇచ్చాం. మా వాడు రెండు కిటికీలూ తెరుచుకుని కూర్చున్నాడు, ఒకటి ఈఎన్‌ఓ1, ఒకటి ఈఎన్‌ఓ2. స్విచ్ లైట్లు ఒక్కొక్కటే పచ్చగా మారాయి. ఈఎన్‌ఓ2 కిటికీలో 10.20.5.41 నుంచి సిన్ వచ్చింది, దాని కిందే, అదే కిటికీలో, సిన్-యాక్ వెళ్ళింది. ఈఎన్‌ఓ1 కిటికీలో ఏమీ కదల్లేదు. "అక్కా, పెరటి గుమ్మంలోంచే" అన్నాడు వాడు. రూట్లు, రూల్స్, ఏ సర్వీసు ఏ అడ్రస్ మీద వింటుందో అన్నీ ఒక కాగితం మీద ప్రింట్ తీసి ర్యాక్ తలుపు లోపలి వైపు అంటించి, హోసూరు రోడ్డు మీద టీ తాగి ఇంటికొచ్చాం.